ఒక్క నిమిషానికే ఆయాసం వస్తోంది, నా ఒంటికి పరుగు పడదా?

ముందుగా మీరు రాసింది క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకూ అర్థమవుతుంది. వయసు 39. హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఏడాదిగా ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్‌లో పొద్దున్నే నడుస్తున్నారు. ఫిబ్రవరి చివర్లో పరుగు మొదలుపెట్టారు. ఒక నిమిషం పరుగెత్తితే ఊపిరి అందదు, మూడు నిమిషాలు నడిస్తే గానీ కుదుటపడదు. మొదట్లో కాస్త నయంగా ఉండేది, ఏప్రిల్ వచ్చేసరికి ఇంకా కష్టమైపోయింది. యాప్‌లో కిలోమీటరుకు 9 నిమిషాల 40 సెకన్లు చూపిస్తోంది. పదో తరగతి చదివే మీ అబ్బాయి అది చూసి "అమ్మా, ఇది పరుగా నడకా?" అన్నాడు. మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి. ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగే 5 కిలోమీటర్ల పరుగుకు పేరు ఇద్దామనుకున్నారు, ఇప్పుడేమో "నా ఒంటికి ఇది పడదేమో" అంటున్నారు.

పడుతుందండీ. మీరు నెమ్మదిగా పరుగెత్తుతున్నానని బాధపడుతున్నారు గానీ, మీ ఇబ్బందిలో ఎక్కువ భాగం మీరు మరీ స్పీడుగా పరుగెత్తడం వల్లే.

లెక్క వేసి చూపిస్తాను, మీరు బ్యాంకు వాళ్లు కాబట్టి వెంటనే పట్టేస్తారు. యాప్ చూపించే 9:40 మీ పరుగు స్పీడు కాదు. పరుగు, నడక రెండూ కలిపిన సగటు. ఒక నిమిషం పరుగు, మూడు నిమిషాలు నడక అన్నారు. నాలుగు నిమిషాల్లో ఆ సగటుతో మీరు వెళ్లిన దూరం సుమారు 414 మీటర్లు. నడిచేటప్పుడు కిలోమీటరుకు 11 నిమిషాలు పడుతుందనుకుందాం, మామూలుగా చురుగ్గా నడిచే ఆడవాళ్లకు అంతే పడుతుంది. మూడు నిమిషాల్లో నడిచింది 273 మీటర్లు. మిగిలిన 141 మీటర్లు ఆ ఒక్క నిమిషంలో పరుగెత్తారు. అంటే గంటకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. ఏళ్ల తరబడి పరుగెత్తని మనిషి, 39 ఏళ్ల వయసులో, మొదటి నెలల్లోనే ఆ స్పీడుతో వెళ్తే నిమిషానికి ఆయాసం రాక ఏమవుతుంది? అది మీ ఒంట్లో లోపం కాదు. ఏళ్లుగా పరుగెత్తేవాళ్లను కూడా వాళ్ల శక్తికి మించిన స్పీడులో పెడితే ఇలాగే ఆగిపోతారు.

రేపటి నుంచి అదే నిమిషంలో 100 నుంచి 110 మీటర్లు మాత్రమే వెళ్లండి. "అది నడక స్పీడే కదా" అంటారు. అవును, దాదాపు అంతే. పక్కన ఎవరైనా చురుగ్గా నడుస్తుంటే వాళ్లతో సమానంగా మీరు జాగింగ్ చేస్తూ ఉంటారు, ఒక్కోసారి వాళ్లే మిమ్మల్ని దాటేస్తారు. దాటనివ్వండి. అడుగులు చిన్నవిగా వేయండి, పాదం ఒంటికి కిందనే పడాలి, ముందుకు చాపి వేయకూడదు. భుజాలు వదులుగా ఉంచండి. చాలామంది కొత్తవాళ్లు పిడికిళ్లు బిగించి, భుజాలు చెవుల దాకా లేపి పరుగెత్తుతారు, సగం శక్తి అక్కడే పోతుంది.

నేను విశాఖలో ఉంటాను. వయసు యాభై దాటింది, పరుగు మొదలుపెట్టింది నలభై తర్వాతే. ఆర్కే బీచ్ రోడ్డు మీద పొద్దున పూట బండ్లు రానివ్వరు, అందుకని మా ఆడవాళ్ల గ్రూపు అక్కడే పరుగెత్తుతుంది, కొత్తగా వచ్చేవాళ్లను కొన్నాళ్లు నాకు అప్పగిస్తారు. నేను వాళ్ల పక్కన పరుగెత్తుతూ ఒకటే అడుగుతాను: "నిన్న రాత్రి ఏం కూర చేశారు, ఎలా చేశారు?" మొన్నామధ్య ఒకావిడ "గుత్తొంకాయ" అని ఆగిపోయింది. రెండో మాట రాలేదు. ఇంకాస్త నెమ్మది చేద్దాం అన్నాను. "వేరుశనగపప్పు వేయించి" దాకా వచ్చింది. ఇంకా నెమ్మది చేశాం. అప్పుడు నువ్వులు, కొబ్బరి, చింతపండు గుజ్జు, నూనె ఎప్పుడు పైకి తేలాలి, అన్నీ ఊపిరి తీసుకుంటూ తీసుకుంటూ చెప్పుకొచ్చింది. అదీ ఆవిడ స్పీడు. గడియారం కాదు, యాప్ కాదు, పూర్తి వాక్యం మాట్లాడగలిగే స్పీడు. మీరు ఒక్కరే పరుగెత్తుతుంటే మనసులో కాదు, పైకే ఏదైనా చెప్పుకోండి. ఎవరైనా చూస్తే ఫోన్ మాట్లాడుతున్నారనుకుంటారు.

ఆ స్పీడులోనే గుండె, రక్తనాళాలు, కండరాలు ఎక్కువ సేపు పనిచేయడం నేర్చుకుంటాయి. ఊపిరి ఎగబీలుస్తూ ఒక నిమిషం పరుగెత్తితే ఒంటికి పరుగు అలవాటయ్యే సమయమే దొరకదు, అలసట మాత్రం మిగులుతుంది. పెద్ద పెద్ద రన్నర్లు కూడా వారంలో ఎక్కువ కిలోమీటర్లు వాళ్ల స్థాయికి తేలికైన స్పీడులోనే పరుగెత్తుతారు. వాళ్ల తేలిక మన కంటికి వేగంగా కనిపిస్తుంది, అంతే తేడా.

మనకు ఈ పొరపాటు ఎక్కడి నుంచి వస్తుందంటే, మనలో చాలామందికి పరుగు అంటే బడిలో ఆగస్టు 15కి పెట్టిన వంద మీటర్ల పోటీ. విజిల్ ఊదగానే పళ్లు బిగించి పరుగెత్తడం. తర్వాత పన్నెండు పదమూడేళ్లు రాగానే ఆడపిల్లలకు అదీ పోయింది. మళ్లీ పాతికేళ్ల తర్వాత షూస్ వేసుకుంటే కాళ్లకు గుర్తున్నది ఆ పోటీ పరుగే. నెమ్మదిగా పరుగెత్తడం అనేది ఒకటి ఉంటుందని మనకు ఎవరూ చూపించలేదు.

ఇక ఎంతసేపు, ఎలా అన్నది. పది నిమిషాలు మామూలుగా నడవండి. తర్వాత ఒక నిమిషం ఆ నెమ్మది జాగింగ్, రెండు నిమిషాలు నడక, ఇలా ఆరుసార్లు. చివర్లో అయిదు నిమిషాలు నడక. మొత్తం ముప్పావుగంట కూడా పట్టదు. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు చాలు. మిగతా రోజుల్లో మీ నడక మీరు నడవండి, అది మానొద్దు, ఏడాదిగా సంపాదించుకున్న బలం అది. ఆరోసారి జాగింగ్ కూడా మొదటిసారిలాగే తేలిగ్గా అనిపించి, "ఇంతేనా" అని విసుగు పుట్టినప్పుడు మాత్రమే మార్చండి. మార్చేటప్పుడు కూడా ముందు నడకను ఒకటిన్నర నిమిషానికి తగ్గించండి, ఆ తర్వాతే జాగింగ్‌ను రెండు నిమిషాలకు పెంచండి. రెండూ ఒకేసారి మార్చొద్దు. ఆ విసుగు ఎన్నాళ్లకు పుడుతుందో నేను చెప్పలేను. కొందరికి పది రోజులు, కొందరికి నెలన్నర.

మీరు ఫోన్‌లో పెట్టుకున్న "కౌచ్ టు 5కె" ప్లాన్ గురించి అడిగారు. మంచి ప్లానే. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ కుర్రాడు యాభై దాటిన వాళ్లమ్మను పరుగు వైపు మళ్లించడానికి తయారుచేశాడు (ఈ సంగతి మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి). మొదటి వారం 60 సెకన్లు జాగింగ్, 90 సెకన్లు నడకతో మొదలై, తొమ్మిదో వారానికి ఆగకుండా 30 నిమిషాలకు చేరుస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, అయిదో వారం. ఆ వారం రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలు రెండుసార్లు ఉంటుంది, మూడో రోజు నడక లేకుండా ఏకంగా 20 నిమిషాలు. నా దగ్గరికి "ప్లాన్ ఫెయిలయ్యాను" అంటూ వచ్చేవాళ్లలో ఎక్కువమంది అక్కడ ఆగినవాళ్లే. ప్లాన్‌లో తొమ్మిది వారాలని ఉంటే మీకు పద్దెనిమిది పట్టొచ్చు. ఒకే వారాన్ని మూడుసార్లు చేసినా ఎవరూ జరిమానా వెయ్యరు. యాప్ మాత్రం రోజూ మెసేజ్‌లు పంపి టెన్షన్ పెడుతుంది, నోటిఫికేషన్లు ఆపేయండి.

అసలు నడక కలిపితే అది పరుగు కాదు అన్న అనుమానమే వదిలేయండి. జెఫ్ గాలోవే అనే ఆయన 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన మనిషి. ఆయనే కొత్తవాళ్లకు మధ్యమధ్యలో నడవమని నేర్పాడు. ఆ పద్ధతిలో ఫుల్ మారథాన్లు (42.195 కిలోమీటర్లు) పూర్తిచేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కిటుకు ఒక్కటే, ఆయాసం వచ్చాక నడవడం కాదు, రాకముందే నడవాలి. మీరు ఇప్పుడు ఊపిరి తిరిగి తెచ్చుకోవడానికి నడుస్తున్నారు. ఇకమీదట ఊపిరి పోకుండా నడవండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను బాగా ఆలోచింపజేసిన విషయానికి వస్తాను. "ఫిబ్రవరిలో కంటే ఏప్రిల్‌లో కష్టంగా ఉంది" అన్నారు. రెండు కారణాలు ఉండొచ్చు, రెండూ చూడాలి.

మొదటిది ఎండాకాలం. ఫిబ్రవరి చివర్లో పొద్దున ఆరింటికి మీ ఊళ్లో ఇంకా చల్లగా ఉంటుంది. ఏప్రిల్‌లో అదే సమయానికి నేల ఇంకా నిన్నటి వేడి వదలదు. వేడిలో పరుగెత్తితే గుండె కండరాలకూ రక్తం పంపాలి, ఒంటిని చల్లబరచడానికి చర్మానికీ పంపాలి, ఒకే మోటారు రెండు పొలాలకు నీళ్లు తోడినట్టు. అందుకే అదే స్పీడుకు గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది, ఆయాసం తొందరగా వస్తుంది. మీరు వెనక్కి వెళ్లలేదు, వాతావరణం మారింది. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి రోజూ కాస్త కాస్త తిరిగితే సుమారు పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అలవాటు పడ్డాక కూడా మే నెలలో మీ స్పీడు తగ్గే ఉంటుంది, మా విశాఖలో ఉక్కపోతకు ఇంకా తగ్గుతుంది. కుదిరితే అయిదుంబావుకే మొదలుపెట్టి ఆరుంబావుకల్లా ముగించండి. బయల్దేరేముందు ఒక గ్లాసు నీళ్లు, వచ్చాక ఉప్పు వేసిన పలచటి మజ్జిగ. తల తిరిగినా, ఒళ్లు జలదరించినా, చెమట పట్టడం ఆగిపోయినా వెంటనే ఆపి నీడకు వెళ్లండి. ఆ రోజుకు పరుగు లేదు, అంతే.

రెండోది హిమోగ్లోబిన్. ఇది అడగకుండా ఆడవాళ్లకు పరుగు సలహా ఇవ్వకూడదని నా పట్టుదల. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికి పైగా! మా ఆంధ్రలో కూడా పరిస్థితి ఏమీ మెరుగు కాదు. మీరు ఇంకో మాట కూడా రాశారు, మెట్లెక్కితే గుండె దడ, మధ్యాహ్నం కౌంటర్ దగ్గర కూర్చుంటే నీరసం, జుట్టు రాలడం. ఇవన్నీ వయసు వల్ల, పని వల్ల అని మనం సర్దుకుపోతాం. ఊపిరితిత్తులు ఎంత గాలి పీల్చినా దాన్ని కాళ్లకు మోసుకెళ్లేది హిమోగ్లోబినే. అది 12 కంటే తక్కువ ఉంటే మీరు ఏ ప్లాన్ పట్టుకున్నా ఆయాసం తొందరగా రావొచ్చు, తప్పు మీది కాదు.

కాబట్టి ఈ వారంలోనే రక్త పరీక్ష చేయించండి. మామూలు సీబీపీతో (రక్తకణాల పరీక్ష) పాటు ఫెరిటిన్ కూడా రాయమని డాక్టర్‌ను అడగండి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటిన వాళ్లూ ఉంటారు, అది ఫెరిటిన్‌లో తెలుస్తుంది. థైరాయిడ్ కూడా చూస్తే మంచిది. మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు, డాక్టర్ ఎంత మోతాదు చెబితే అంతే. తిండి విషయంలో నేను చెప్పేది ఒక్కటి, అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉంటే గంటకు పైగా జరపండి. తిండిలోని ఐరన్‌ను ఒళ్లు పట్టకుండా టీ అడ్డుపడుతుంది. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే దానికి విరుగుడు. రక్తం పెరిగాక పరుగులో వచ్చే తేడా చూసి చాలామంది నమ్మలేరు. మా గ్రూపులో ఒక టీచరమ్మ వేసవంతా బీచ్ రోడ్డు మీద నాలుగు కరెంటు స్తంభాలు దాటలేకపోయేది. మందులు వాడాక దసరాకు కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి మాట్లాడుకుంటూ ఆక్వేరియం దాటేసింది. ఆవిడ చేసిన ట్రైనింగ్ ఏమీ మారలేదు.

నొప్పి సంగతి. మోకాలి కింద ఎముక లోపలి అంచు పొడుగునా నొప్పి, మొదలుపెట్టినప్పుడు ఎక్కువ, కాస్త వేడెక్కాక తగ్గుతుంది అన్నారు. దాన్ని షిన్ స్ప్లింట్స్ అంటారు, కొత్తవాళ్లలో చాలా మామూలు. కానీ మామూలు కదా అని భరిస్తూ పరుగెత్తొద్దు. పడుకుని వేలితో ఎముక పొడుగునా నొక్కి చూడండి. జానెడు మేర అంతా కొంచెం కొంచెం నొప్పిగా ఉంటే పర్వాలేదు, తగ్గించుకుంటూ వెళ్లొచ్చు. ఒకే ఒక్క చోట, వేలి కొన పట్టేంత చోట, నొక్కితే ప్రాణం జివ్వుమంటే, లేదా రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, నడిచినా నొప్పి ఉంటే, ఆ రోజే పరుగు ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా.

ఇది ఇప్పుడే ఎందుకు వచ్చిందో తెలిస్తే మీరు తొందరపడరు. గుండె, రక్తం చాలా తొందరగా మారతాయి. రెండు వారాల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, నెల నెలన్నరలో ఆయాసం తగ్గినట్టు మీకే తెలుస్తుంది. ఎముక అలా కాదు. కొత్త బరువు పడినప్పుడు అది ముందు పాత భాగాన్ని తొలగించుకుని, ఆ తర్వాత గట్టిదాన్ని నింపుకుంటుంది. ఆ పని పూర్తి కావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, మధ్యలో కొన్ని వారాలు ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. మీరు మొదలుపెట్టి ఏడో వారం నడుస్తోంది. సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులూ అంతే, నెలల పని. అందుకే చాలామంది ఊపిరి కుదిరింది కదా అని రెండో నెలలో ఉత్సాహంగా దూరం పెంచేసి, మూడో నెలలో కాలికి కట్టు కట్టుకుని కూర్చుంటారు. మీ గతీ అలా కాకూడదు. గుండె ఎంత సిద్ధంగా ఉన్నా కాళ్లు ఒప్పుకున్నంతే.

ఒక వారం జాగింగ్ ఆపి నడకే చేయండి. నొప్పి తగ్గాక పైన చెప్పినట్టు మొదలుపెట్టండి. గ్రౌండ్‌లో మట్టి మీదే ఉండండి, సిమెంటు రోడ్డు మీదకు వెళ్లొద్దు. ఒకే దిశలో చుట్లు కొట్టకుండా సగం అటు, సగం ఇటు తిరగండి. ఇంట్లో మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, గోడ పట్టుకుని, మడమలు నెమ్మదిగా కిందికి దించి మళ్లీ పైకి లేపండి. పదిహేను చొప్పున రెండుసార్లు, రోజు విడిచి రోజు. కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు అయిపోతుంది. పిక్కలు బలపడితే కాలి ముందువైపు ఎముక మీద భారం తగ్గుతుంది.

షూస్ గురించి పెద్దగా చెప్పను. మూడేళ్ల నాటి వాకింగ్ షూస్ అన్నారు, అడుగున స్పాంజి చచ్చిపోయి ఉంటుంది, మార్చండి. రెండు మూడు వేల రూపాయల్లో రన్నింగ్ షూస్ మంచివే దొరుకుతాయి, పది వేలవి అక్కర్లేదు. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, వేసుకునే సాక్సుతోనే వెళ్లి చూసుకోండి, బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. కానీ షూస్ కంటే ముందు మంచి స్పోర్ట్స్ బ్రా కొనండి. దీని గురించి ఎవరూ చెప్పరు. చాలామంది ఆడవాళ్లు భుజాలు ముడుచుకుని, చేతులు దగ్గరగా పెట్టుకుని పరుగెత్తేది అది లేకే.

ఇంకో విషయం కూడా ఎవరూ చెప్పరు. పిల్లల్ని కన్న తల్లుల్లో కొందరికి పరుగెత్తినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం చుక్కలు పడుతుంటాయి. మీరు రాయలేదు, మీకు లేకపోతే మంచిదే. కానీ ఇది చదివే వేరేవాళ్లకు ఉండొచ్చు. దీనికి సిగ్గుపడి పరుగు మానేసినవాళ్లు, కారణం చెప్పకుండా మానేసినవాళ్లు నాకు తెలుసు. కటి కింది కండరాలకు వ్యాయామాలు ఉన్నాయి, గైనకాలజిస్ట్‌నో ఫిజియోథెరపిస్ట్‌నో అడిగితే నేర్పిస్తారు, చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. అప్పటిదాకా ముదురు రంగు ప్యాంటు, ఒక ప్యాడ్. నెలసరి రోజుల్లో పరుగెత్తొచ్చా అని కూడా అడుగుతుంటారు. ఓపికుంటే పరుగెత్తండి, లేకపోతే పడుకోండి.

బరువు తగ్గలేదని చివర్లో ఒక వాక్యం రాశారు. పరుగులో ఖర్చయ్యేది సుమారుగా కిలో బరువుకు, కిలోమీటరుకు ఒక క్యాలరీ. మీ 68 కిలోలకు మూడు కిలోమీటర్లంటే రెండు వందల పైచిలుకు. ఇంటికొచ్చి రెండు పూరీలు, కూర తింటే అంతకంటే ఎక్కువే లోపలికి వెళ్తుంది. బరువు కోసం పరుగెత్తితే రెండు నెలల్లో విసుగొచ్చి మానేస్తారు. బరువు సంగతి వంటింట్లో చూసుకోండి, పరుగును దానికి ముడిపెట్టొద్దు. పొద్దున లేవగానే మంచం మీదే మణికట్టు పట్టుకుని నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టి రాసుకోండి. నెలలు గడిచేకొద్దీ ఆ అంకె మెల్లగా తగ్గుతుంది. బరువు మిషన్ కదలకపోయినా ఇది కదులుతుంది.

"గ్రౌండ్‌లో అందరూ చూస్తున్నారు" అన్నారు. మొదటి వారం చూస్తారు, నిజమే, చూడరని నేను అబద్ధం చెప్పను. మన ఊళ్లలో నలభైకి దగ్గరపడిన ఆడమనిషి పరుగెత్తితే ఒక చూపు పడుతుంది. రెండో వారానికి వాళ్లకు అలవాటైపోతారు. నెల తిరిగేసరికి ఒక పెద్దాయన "ఏమ్మా, రెండ్రోజులు కనిపించలేదు" అంటాడు. డ్రస్సు మీకు ఏది సౌకర్యమో అది వేసుకోండి, చుడీదార్ మీద పరుగెత్తేవాళ్లు మా దగ్గర బోలెడుమంది. చున్నీ మాత్రం వద్దు, లేదా గట్టిగా ముడేసుకోండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, పరుగు ఆపితే చాలావరకు అవీ ఆగిపోతాయి. మిమ్మల్ని దాటి వెళ్లే పోలీస్ సెలక్షన్ల కుర్రాళ్లతో పోల్చుకోకండి. వాళ్లకు టైమ్ లోపల 1600 మీటర్లు పూర్తి చేయడం ఉద్యోగం సమస్య. మీకు అలాంటి గడువేమీ లేదు.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. ఫౌజా సింగ్ అని పంజాబ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన పెద్దాయన ఉండేవాడు. 89 ఏళ్ల వయసులో, 2000లో, లండన్‌లో మొదటి మారథాన్ పరుగెత్తాడు. 2011 అక్టోబర్‌లో టొరంటోలో నూరేళ్ల వయసులో ఫుల్ మారథాన్ పూర్తిచేశాడు, 8 గంటల 11 నిమిషాల్లో. బర్త్ సర్టిఫికెట్ లేదని గిన్నిస్ వాళ్లు రికార్డు ఇవ్వలేదు, ఆ రోజుల్లో పల్లెటూళ్లో ఎవరు రాశారు గనక. కిలోమీటరుకు ఎంత పడిందో మీ అబ్బాయినే లెక్కగట్టమనండి. 11 నిమిషాల 38 సెకన్లు వస్తుంది. అది పరుగా నడకా అని ఆ పెద్దాయనను అడిగిన వాళ్లెవరూ నాకు తెలియదు. ఇంకో పని కూడా చేయండి, పరీక్షలు అయిపోయాయి కదా, ఆదివారం వాడినే గ్రౌండ్‌కు తీసుకెళ్లి, మీ పక్కనే మీ స్పీడులో, ముప్పై అయిదు నిమిషాలు ఉండమనండి. కుర్రాళ్లకు నెమ్మదిగా పరుగెత్తడం చాలా కష్టం. రెండు నిమిషాలకు ముందుకు దూకేస్తారు, పది నిమిషాలకు వెనకబడతారు.

ఆగస్టు విషయం. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఉంటుంది. ఫుల్, హాఫ్, 10 కిలోమీటర్లు ఆదివారం, 5 కిలోమీటర్ల ఫన్ రన్ ముందురోజు శనివారం జరుగుతుంది. ఇంకా నాలుగు నెలలుంది. అప్పటికి ఎండలు పోయి వానలు పడుతుంటాయి. మీరు జాగింగ్, నడక కలిపి వెళ్తే 50 నిమిషాల దగ్గర పూర్తిచేస్తారు, దానికి అవమానం ఏమీ లేదు, ఫన్ రన్‌లో చంటిపిల్లల్ని భుజాన ఎక్కించుకుని నడిచేవాళ్లుంటారు. అయినా ఇవాళే డబ్బు కట్టమని నేను చెప్పను. రేసు తేదీ కళ్ల ముందు పెట్టుకుంటే కొత్తవాళ్లు నొప్పి ఉన్నా ఆగరు, మీ కాలు ఇప్పుడున్న పరిస్థితిలో ఆ ఒత్తిడి వద్దు. రక్త పరీక్ష చేయించండి, ఒక వారం నడిచి నొప్పి ఎలా ఉందో చూడండి, ఆ తర్వాత మూడు వారాలు నెమ్మది జాగింగ్ చేయండి. జూన్ మొదట్లో కాలు సహకరిస్తుంటే అప్పుడు పేరు ఇవ్వండి. లేకపోతే శీతాకాలంలో చూసుకోవచ్చు, చల్లటి గాలిలో మొదటి 5 కిలోమీటర్లు పరుగెత్తడమే అసలు సుఖం.

బీపీకో షుగర్‌కో మాత్రలు వాడుతున్నారేమో మీరు చెప్పలేదు. వాడుతుంటే మొదలుపెట్టేముందు మీ డాక్టర్‌కు చెప్పండి. పరుగులో ఛాతీ బిగిసినట్టు ఉన్నా, ఎడమ చెయ్యి, దవడ లాగినా ఆగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఇందులో ఆలోచించేది లేదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ రిపోర్ట్ వచ్చాక రెండు అంకెలూ ఇక్కడే కింద రాయండి, వేలితో నొక్కితే నొప్పి ఒక్క చోటే ఉందా, పొడుగునా ఉందా అన్నది కూడా. దాన్నిబట్టి మే నెలకు ఏం చేయాలో చూద్దాం.